కింది దవడ ముందుకు ఉంటే ఆపరేషన్ తప్పదా? క్లిప్పులతో సరిపోతుందా?

మీకు 24 ఏళ్లు, కింది పళ్లు పై పళ్ల కన్నా ముందుకు పడుతున్నాయి, డాక్టర్ దవడ ఆపరేషన్ అన్నారు, ఇంట్లో వద్దంటున్నారు, క్లిప్పులతో అవుతుందా అని అడిగారు. నాదీ ఇదే సమస్య. కూకట్‌పల్లిలో ఒక ఆర్థోడాంటిస్ట్ (పళ్ల వరుస సరిచేసే డాక్టర్) దగ్గర క్లిప్పులతోనే సరిచేయించుకున్నాను.

మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నది కొరకలేకపోవడమా, ముఖం ఆకారమా? ముందు ఇది తేల్చుకోండి. పెద్దవాళ్లలో క్లిప్పులు పళ్లను జరుపుతాయి, దవడను జరపవు. పై పళ్లను కొంచెం ముందుకు, కింది పళ్లను వెనక్కి వాల్చి తేడా కనిపించకుండా చేస్తాయి. డాక్టర్లు దీన్ని కామోఫ్లాజ్ అంటారు. నాకు జామకాయ ముందు పళ్లతో తెగేది కాదు, ఇప్పుడు హాయిగా కొరుకుతున్నాను. గడ్డం మాత్రం అలాగే ఉంది, పక్క నుంచి తీసిన ఫొటోలో తెలుస్తుంది. నాకది ఫర్వాలేదు. మీ బాధ గడ్డం గురించే అయితే క్లిప్పులతో తృప్తి దొరకదు.

ఇది అందరికీ కుదరదు. మా డాక్టర్ నా దవడను మెల్లగా వెనక్కి నెట్టి పళ్లు కలపమన్నారు. ముందు పళ్లు అంచుకు అంచు తగిలాయి. అలా తగిలితే క్లిప్పులతో అయ్యే అవకాశం ఎక్కువట. ఆ తర్వాత తలను పక్క నుంచి తీసే లాటరల్ సెఫ్ ఎక్స్‌రేలో కొలతలు చూసి, కింద రెండు ప్రీమోలార్ పళ్లు (కోరపళ్ల వెనకుండేవి) తీసి ఆ ఖాళీలోకి ముందు పళ్లను లాగారు. కొందరికి పళ్లు తీయకుండా, దవడలో చిన్న స్క్రూలు పెట్టి మొత్తం వరుసను వెనక్కి లాగుతారు. చిగుళ్లు, ఎముక పలచగా ఉన్నవాళ్లకు ఇలా లాగితే చిగురు దిగి పంటి వేరు బయటపడొచ్చు. మీ సంగతి తప్పకుండా అడగండి.

అన్నిటికన్నా ముఖ్యం: ఆపరేషన్‌కు ముందు వేసే క్లిప్పులు పళ్లను సరిగ్గా కామోఫ్లాజ్‌కు ఎదురు దిశలో జరుపుతాయి. వాలిన పళ్లను నిటారు చేస్తారు, కొన్ని నెలలు తేడా ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. అందుకే ‘ముందు క్లిప్పులు వేసి చూద్దాం, కుదరకపోతే ఆపరేషన్’ అనే మాటకు దయచేసి ఒప్పుకోకండి. చేసిందంతా వెనక్కి తిప్పాల్సి వస్తుంది, తీసేసిన పళ్లు తిరిగి రావు. మొదటి వైరు పడకముందే దారి ఏదో నిర్ణయం కావాలి.

నాలుకను అంగిలికి నొక్కిపెడితే దవడ మారుతుందనే వీడియోలను నమ్మకండి, పెద్దయ్యాక ఎముక అలా జరగదు. పళ్లకు తొడిగే పారదర్శక ట్రేలు, అంటే అలైనర్లు కూడా పళ్లనే జరుపుతాయి. గడ్డం ఫిల్లర్ ఇంజెక్షన్లు చిన్న గడ్డం ఉన్నవాళ్లకు, అదీ తాత్కాలికంగా. ఇది కుటుంబంలో వచ్చే లక్షణం కూడా, కాబట్టి ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇలా కనిపిస్తే ఇప్పుడే చూపించండి. ఆ వయసులో ఫేస్ మాస్క్‌తో (ముఖానికి బయట పెట్టుకునే, పై దవడను లాగే పరికరం) పై దవడను ముందుకు తేవచ్చు.

ముఖం ఒక పక్కకు ఒరిగి ఉన్నా, పళ్ల మధ్య తేడా బాగా ఎక్కువున్నా ఆపరేషన్ గురించి భయం లేకుండా వినండి. కోత ఎక్కువగా నోటి లోపలే, ముఖం మీద పెద్ద మచ్చలు ఉండవు. కింది పెదవి తిమ్మిరి మాత్రం నిజమైన ఇబ్బందే. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లి ఇవన్నీ సర్జన్ నోటితోనే వినిపించండి.

ఆర్థోడాంటిస్ట్, సర్జన్ ఇద్దరూ కలిసి చూసే చోటుకు వెళ్లండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో రెండు విభాగాలూ ఉన్నాయి. పాత ఎక్స్‌రేలు, పళ్ల అచ్చులు మీ దగ్గరే పెట్టుకోండి, రెండో అభిప్రాయానికి పనికొస్తాయి.