సైటేషన్లు పెరగాలంటే డబ్బు కట్టాలా?

చెల్లెమ్మా, 11 పేపర్లు, 140 సైటేషన్లు (ఇతర పేపర్లలో నీ పేపర్ల ప్రస్తావనలు), హెచ్-ఇండెక్స్ 6 (కనీసం ఆరేసి సైటేషన్లున్న పేపర్లు ఆరు) ఉన్నాయన్నావు. గ్రీన్ కార్డు పిటిషన్‌లోపు ఈ అంకెలు పెరగడానికి ఓపెన్ యాక్సెస్ ఫీజు (పేపర్ అందరూ ఉచితంగా చదివేలా పత్రికకి కట్టేది) సొంత డబ్బుతో కట్టనా అని అడిగావు. వద్దమ్మా, ఒక్క డాలర్ కూడా వద్దు. పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్ జీతంలో అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలేదెంత? నేచర్ పత్రిక 2021లో ఓపెన్ యాక్సెస్‌కి పెట్టిన రేటు 9,500 యూరోలు. ఏసీఎస్ (అమెరికన్ కెమికల్ సొసైటీ) పత్రికల్లో చాలావాటికి చందా పద్ధతి ఉంది, అంటే చదివేవాళ్ళు కడతారు, అది ఎంచుకుంటే నువ్వు కట్టేదేమీ ఉండదు. పేపర్ అంగీకరించాక లైసెన్సు ఎంచుకోమని ఒక పేజీ వస్తుంది. అక్కడ చదవకుండా నొక్కితే బిల్లు చేతికొస్తుంది, నేను బోల్తా పడిందీ అక్కడే. మీ యూనివర్సిటీకి ప్రచురణ సంస్థతో ఒప్పందం ఉంటే ఫీజు వాళ్ళే చూసుకుంటారు. దానికి కరస్పాండింగ్ ఆథర్ (పత్రికతో ఉత్తరాలు నడిపే రచయిత) పేపర్‌ని యూనివర్సిటీ మెయిల్‌తో పంపాలి, జీమెయిల్ పెడితే సిస్టమ్ పట్టుకోకపోవచ్చు. అందరికీ అందాలంటే కెమిస్ట్రీ పేపర్ల సైట్ కెమ్‌ఆర్కైవ్‌లో ప్రీప్రింట్ (అచ్చుకి ముందరి ప్రతి) పెట్టు, పైసా ఖర్చు లేదు. పత్రిక ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకో.

అసలు నీ సైటేషన్లు కొన్ని ఇప్పటికే తప్పిపోయి ఉంటాయి. మన పేర్లతో వచ్చే చిక్కు ఇది. ఇండియాలో రాసిన పేపర్లలో ఇంటిపేరు ఇనీషియల్‌గా ముందుంటుంది, ఇక్కడ అమెరికా పేపర్లలో పూర్తిగా చివరికొస్తుంది. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్ స్కోపస్ నిన్ను ఇద్దరు ముగ్గురు మనుషులుగా లెక్కేస్తుంది. చివర 'రావు' ఉంటే మరీ కష్టం, మన కెమిస్ట్రీ రంగంలో ఆ పేరుతో వెతికితే సి.ఎన్.ఆర్.రావు గారి పేపర్లే గుట్టలుగా వస్తాయి. పరిశోధకులకిచ్చే 16 అంకెల ఆర్కిడ్ ఐడీ తీసుకుని పాత పేపర్లన్నీ డీఓఐతో (ప్రతి పేపర్‌కీ ఉండే శాశ్వత గుర్తింపు కోడ్) చేర్చు. స్కోపస్‌లో నీ ప్రొఫైళ్ళన్నీ ఎంచి కలపమని అడుగు, అదీ ఉచితమే. గూగుల్ స్కాలర్‌లో ప్రీప్రింట్, అచ్చయిన పేపర్ విడివిడిగా ఉంటే రెండూ టిక్ చేసి మెర్జ్ చెయ్యి. పేపర్లు దానంతటదే చేర్చే సెట్టింగ్ ఆపెయ్యి, లేకపోతే ఇంకెవరి పేపర్లో నీ లెక్కలో పడతాయి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా పేపర్ల మీద పాత పేరే ఉంచుకో.

ఇప్పుడు లెక్క చూడు. నీ పేపర్ల సైటేషన్లు 61, 28, 17, 9, 8, 7, 5, 3, 2, 0, 0 అనుకుందాం. మొత్తం 140. ఆరో పేపర్‌కి 7 ఉన్నాయి, ఏడోదానికి 5 మాత్రమే, కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. మొదటి పేపర్ 61 నుంచి 200కి ఎగబాకినా హెచ్-ఇండెక్స్ కదలదు. ఏడోదానికి రెండు వస్తే చాలు, 7 అవుతుంది. భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలత అలాగే పనిచేస్తుంది. అందుకే లాయర్ దగ్గర ఆ ఒక్క అంకె పట్టుకుని కూర్చోకు. గ్రీన్ కార్డుకి దారులైన ఈబీ-1ఏ, ఎన్‌ఐడబ్ల్యూల నిబంధనలు, ఫీజులు అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సైట్లో ఉన్నాయి, చదువుకో.

నీకు బలాన్నిచ్చేది సంబంధం లేనివాళ్ళ సైటేషన్. స్కోపస్‌లో రచయితలందరి సొంత సైటేషన్లు తీసేసి చూడు. మిగిలిన ఒక్కో పేపర్ తెరిచి, నీ పేరు వచ్చిన వాక్యం దాకా వెళ్ళు. '[3–9]' అని ముందుమాటలో గుంపులో కలిపేస్తే దాని విలువ తక్కువ. సూపర్‌కెపాసిటర్ (కరెంటు నిల్వచేసే పరికరం) పేపర్‌లో పోలిక పట్టికలో నీ ఎలక్ట్రోడ్ ఉందా, నీ సింథసిస్‌నే (పదార్థం తయారుచేసే పద్ధతి) వాడారా, అది రాసుకో. ఎక్సెల్‌లో నాలుగు గళ్ళు చాలు: ఎవరు, ఏ దేశం, ఏ వాక్యం, ఎందుకు వాడారు. గంటల లెక్కన డబ్బు తీసుకునే లాయర్‌కి ఈ పని వదిలితే మునిగిపోతావు.

సున్నా సైటేషన్లున్న ఆ రెండు పేపర్లూ మళ్ళీ చదువు. 180 డిగ్రీలు, 12 గంటలు అని రాసి, 100 మిల్లీలీటర్ల ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి తట్టుకునే మూసిన పాత్ర) ద్రావణం ఎంత నింపావో రాయలేదా? లోపలి పీడనం దానిమీద కూడా ఆధారపడుతుంది, అవతలివాళ్ళకి ఇంకో ఆకారంలో కణాలు రావచ్చు. కాల్సినేషన్‌లో (పొడిని కొలిమిలో కాల్చేటప్పుడు) నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున వేడి పెంచావు, ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటర్‌కి ఎన్ని మిల్లీగ్రాములు పూశావు, ఇవీ అంతే. చేసి చూసి రాకపోతే ఎవరూ సైట్ చెయ్యరు. తర్వాతి పేపర్ సప్లిమెంటరీలో (పేపర్‌తో పాటిచ్చే అనుబంధం) ఇవన్నీ పెట్టి, ముడి డేటా జెనోడో అనే సైట్లో ఉంచి డీఓఐ తీసుకో. అదీ ఉచితమే.