మీటరు అంకె వేరు, పీల్చే పొగ వేరు

ప్రశ్న: చలికాలం పొద్దున్నే గాలిని కొలిచే మా చిన్న మీటరు పీఎం 2.5ని (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలను) ఘనపు మీటరుకు 180 మైక్రోగ్రాములు చూపిస్తుంది. ఇక్రిశాట్‌లోని గాలి నాణ్యత కొలిచే కేంద్రంలో అదే వేళకు 90. ఏది నమ్మాలి? మా అత్తగారు కట్టెల పొయ్యి మీదే వండుతారు. ఆమె ఎంత పీలుస్తున్నారో లెక్కకట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, పటాన్‌చెరు

జవాబు: బయటి గాలికి కేంద్రం అంకెనే నమ్మండి. మీ మీటరు ధూళిని తూచదు. కణాల మీద పడి చెదిరిన లేజర్ వెలుగును బట్టి అంచనా వేస్తుంది. తేమ 75-80 శాతం దాటితే కణాలు నీరు పట్టి ఉబ్బుతాయి, అంకె ఎగబాకుతుంది. మీటరును కేంద్రానికి దగ్గరలో, ఎండా వానా తగలని చోట రెండు వారాలు నడిపి, రెండింటి 24 గంటల సగటులూ పోల్చండి. మీది 1.6 రెట్లు చూపిస్తుంటే 1.6తో భాగించండి. కాలం మారితే మళ్లీ పోల్చుకోవాలి. ఈ సవరణ కట్టెల పొగకు పనికిరాదు, ఆ కణాల తీరే వేరు. కాబట్టి వంటింటి అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోండి.

అత్తగారి విషయంలో మాత్రం కేంద్రం అంకె సరిపోదు. మీటరును పొయ్యికి మూడడుగుల దూరంలో, ఆమె కూర్చున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తున పెట్టండి. గంజి వార్చే ఆవిరి తగలనివ్వకండి, నీటి తుంపరనూ ధూళిగా లెక్కేస్తుంది. ఆమె ఏ గంటకు ఎక్కడున్నారో ఒక వారం రాసిపెట్టండి. ఉదాహరణకు పొయ్యి దగ్గర 3 గంటలు 500, ఇంట్లో 13 గంటలు 60, బయట 8 గంటలు 45 మైక్రోగ్రాములు అనుకుందాం. గంటలతో గుణించి కూడితే 2640. 24తో భాగిస్తే 110. బయటి గాలి 45 మాత్రమే! మన దేశంలో 24 గంటల పరిమితి 60, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది 15. ఆ మూడు గంటలూ గ్యాస్ మీద వండి, అక్కడా 60కే దిగితే సగటు 55కి, అంటే సగానికి పడిపోతుంది.

ప్రశ్న: దీన్నిబట్టి ఆమెకు ప్రమాదం ఎంతో చెప్పగలరా?

జవాబు: ఒక్క మనిషికి చెప్పలేం. ఏళ్ల తరబడి పీల్చే సగటు 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాల రేటు సుమారు 8 శాతం పెరుగుతుందన్న అంచనా జనాభా మొత్తానికి సంబంధించింది. అదీ 110 దాకా ఒకే వాలులో సాగదు. ఎక్కువ పొగ దగ్గర ప్రమాదం పెరిగే వేగం తగ్గుతుంది, నేరుగా గుణిస్తే ప్రమాదాన్ని ఎక్కువ చేసి చూపిస్తుంది. ఆయాసం, విడవని దగ్గు ఉంటే లెక్కల కోసం ఆగకండి, ఊపిరితిత్తుల పనితీరును కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి.