మోదుగ కొమ్మలు నేను చూసుకుంటాను

అమ్మలూ,

నువ్వు పంపిన మండపం ఫోటోలన్నీ చూశాను, కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. బాగున్నాయి, కాదనను. ఆ తెల్లటి పెద్ద పూలు, వాటి కింద వేలాడే బూడిదరంగు ఆకులు ఎక్కడ దొరుకుతాయి అత్తా అని అడిగావు. డబ్బులిస్తే బెంగుళూరు నుంచి రాత్రికి రాత్రి దిగుతాయి. కానీ ఆ ఫోటోలు తీసింది ఏసీ హాల్లో. నీ పెళ్ళేమో విజయనగరంలో మీ ఇంటి ముందు పందిట్లో, ఫాల్గుణంలో, రాత్రి పదకొండు దాటాక. పూలు ఎంచుకునే ముందు నెల ఏదో, గంట ఎంతో చూసుకోవాలి. రంగు, వాసన, ఎవరూ పెట్టనిది పెట్టాలన్న సరదా అన్నీ ఆ తరవాతే.

మా పెద్దదాని పెళ్ళికి నేనూ నీలాగే మోజుపడ్డాను. వైశాఖం, నిప్పులు చెరిగే ఎండ. డెకరేషన్ అతను అట్టపెట్టెల్లో ఎక్కడినుంచో తెప్పించిన పూలు మధ్యాహ్నం మూడింటికి కట్టడం మొదలుపెట్టాడు, మగపెళ్ళివారు విడిదిలో దిగేసరికి సగం పూలు తలలు వాల్చేశాయి, మిగతావాటి అంచులు టీ ఒలికినట్టు మాడిపోయాయి. మీ నాన్న సైకిలేసుకుని పోయి ఎవరి పెరట్లోంచో రెండు గంపల బంతిపూలు తెచ్చాడు. ఎవరి పెరడో ఇప్పటికీ చెప్పడు.

నీకు తామరలంటే ఇష్టం కదా, వాటి సంగతి చెప్తాను. తామర పొద్దున్న విచ్చుకుని పొద్దుగూకే వేళకి ముడుచుకునే పువ్వు. రాత్రి ముహూర్తానికి విచ్చిన తామర కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? మొగ్గలే తెప్పించుకుని పై రేకుల్ని ఒక్కొక్కటే వెనక్కి మడిచి లోపలికి దోపుకోవాలి, గుళ్ళలో పూలు కట్టేవాళ్ళు చేస్తారే, అలాగ. అప్పుడిక ముడుచుకోవడమన్న మాటే ఉండదు. ఓపికున్న ఆడపిల్లలు ఇద్దరు కూచుంటే చాలు. తెల్ల కలువలు దొరికితే మాత్రం ఇంకేమీ ఆలోచించకు. అవి రాత్రే విచ్చుకుంటాయి, చంద్రుడికీ కలువకీ మనవాళ్ళు చుట్టరికం ఊరికే కలపలేదు. చీకటి పడ్డాక విచ్చినవాటిని పొడుగు కాడలతో కోయించి, రేకుల మొదట్లో కొవ్వొత్తి మైనం నాలుగు చుక్కలు వేస్తే ముడుచుకోకుండా నిలబడతాయి. మీ నాన్నమ్మ బుడితి ఊరి ఇత్తడి బిందెలు అటక మీద ఉన్నాయి, దింపించి చింతపండుతో తోమించు, వాటిలో పెడదాం. గాజు కుండీలు కొనకు.

ఇప్పుడు అసలు సంగతి. ఫాల్గుణం అంటే మోదుగ పూసే కాలం. పార్వతీపురం వైపు, పాలకొండ వైపు బస్సులో వెళ్తే ఆకు ఒక్కటీ లేకుండా చెట్టు చెట్టంతా మండుతూ కనిపిస్తుంది, ఎన్నిసార్లు చూసుంటావు, ఒక్కసారైనా పెళ్ళి పందిట్లో చూశావా? వాసన లేదని దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ చిలకముక్కు లాంటి ఆ పువ్వు, దాని వెనక నల్లటి మఖమల్ ముచ్చిక, కరెంటు దీపాల కింద ఆ రంగు ఎలా ఉంటుందో నేను ఒక్కసారి చూశాను, మరిచిపోలేదు. విడిపూలు కొనకు, కొమ్మలు కావాలి. సగం మొగ్గ, సగం పువ్వు ఉన్న కొమ్మలు పెళ్ళినాడు సాయంత్రం చల్లబడ్డాక కోయించి, కొమ్మ చివర కత్తితో చీల్చి, వెంటనే నీళ్ళలో నిలబెట్టాలి. ముందురోజు కోస్తే పొద్దున్నకి పూలన్నీ నేల మీదే ఉంటాయి. గట్టు మీద చెట్టయితే రైతుని అడిగి కోయించుకోవాలి గానీ రిజర్వు ఫారెస్టు జోలికి మాత్రం ఎవరినీ పంపకు, పెళ్ళిపనుల్లో ఆ టెన్షన్ మనకెందుకు.

ఒక్క జాగ్రత్త. మోదుగ పువ్వు నానితే రంగు దిగుతుంది, హోళీకి వసంతం కలుపుకునేది దాంతోనే. పీటల దగ్గర, మీ నాన్న కట్టుకునే పొందూరు పంచె దగ్గర తడి పువ్వు ఉండకూడదు. పందిరి స్తంభాలకీ గుమ్మానికీ సరే, తలంబ్రాల పళ్ళెం పక్కన వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు మోదుగేమిటి, పెళ్ళికి మోదుగ పెడతారా అని మొదలుపెడతారు, వాళ్ళకి ఒకటే మాట చెప్పు, హోమంలో వేసే సమిధ మోదుగదే, పువ్వు ఏం పాపం చేసింది అని.

ఎర్ర బూరుగ పూలు కూడా అప్పుడే రాలుతుంటాయి, దళసరిగా ఉంటాయి కాబట్టి నీళ్ళ పళ్ళెంలో తేలేస్తే బాగుంటాయి. చీమలు పడతాయి, దులిపి వెయ్యాలి. భోజనాల దగ్గర పెట్టకు.

ఇక ఆకులు. ఆ బూడిదరంగు ఆకుల బదులు సరుగుడు రెమ్మలు పెట్టి చూడు. భోగాపురం, రణస్థలం వైపు సముద్రపు ఒడ్డంతా సరుగుడు తోటలే, కలప కొట్టేటప్పుడు రెమ్మలు పక్కన పడేస్తారు, ఆటోలో వేసుకు రావడమే. జుట్టు విరబోసుకున్నట్టు సన్నగా వేలాడతాయి, గాలికి ఊగుతాయి, ఎంత ఖర్చు పెట్టినా ఆ ఊపు ప్లాస్టిక్ తీగలకి రాదు. వాటి కింద గుబురుగా అడ్డాకులు. విస్తళ్ళు కుట్టే అడ్డాకే, సీతంపేట ఏజెన్సీ నుంచి కట్టలు కట్టలు వస్తుంది, రెండు రెక్కలుగా చీలిన పెద్ద ఆకు. విస్తరి కుట్టకముందు ఆ ఆకు ఎంత అందంగా ఉంటుందో మనవాళ్ళెవరూ చూసినట్టే లేదు. తోరణాలకి మామిడి చిగురు ఎర్రగా మెరుస్తోందని లేత కొమ్మలు కోయించకు, గంట తిరక్కుండా గుడ్డపీలికలైపోతాయి, ముదురాకే కట్టాలి. పూత ఉన్న కొమ్మ అసలు ముట్టుకోవద్దు, తోటవాడు తిడితే న్యాయమే.

డెకరేషన్ కుర్రాడు కొబ్బరి మొవ్వు తెమ్మంటాడు, లేత పసుప్పచ్చ ఆకుతో చిలకలు, హారాలు అల్లడానికి. వద్దని చెప్పు. మొవ్వు కోస్తే చెట్టు పోయినట్టే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా ఉద్దానంలో తోటలకి తోటలే నేలకూలాయి, నిలబడ్డ చెట్టు మొవ్వు పెళ్ళి అలంకారానికి కావాలని నేను ఏ ముఖం పెట్టుకుని అడగను? మొవ్వు జోలికి పోకుండా పక్క మట్ట కోస్తే చెట్టుకి నష్టం లేదు, దాంతోనూ అల్లచ్చు.

కోతలప్పుడు దాచిన వరి వెన్నుల కుచ్చులు నా దగ్గర ఆరున్నాయి, చోడి, అంటే రాగి వెన్నులు కూడా ఓ కట్ట ఉంది. గుమ్మానికి అవి వేలాడదీద్దాం. రెల్లు పువ్వు మాత్రం ఎక్కడైనా ఎండినది దొరికినా తేకు. మీ చిన్నత్త ముచ్చటపడి కార్తీకంలో పెళ్ళికి రెల్లు పెట్టింది, ఫ్యాను వేసేసరికి దూది ఎగిరి పెళ్ళికూతురి పట్టుచీర మీద, పంతులుగారి మీసాల్లో, పాయసంలో.

నీ జడకి మొగలిరేకులు కావాలన్నావు. నా పెళ్ళి శ్రావణంలో కాబట్టి నాకు దొరికాయి, మా అమ్మ ముళ్ళ అంచులు కత్తితో తీసి ఒక్కో రేకూ జడలో దోపింది, రెండు రోజులు తల నుంచి వాసన పోలేదు. మొగలి వానల కాలంలో పూసేది, ఫాల్గుణంలో ఎక్కడినుంచి వస్తుంది? సీసాలో అత్తరు చల్లుకుంటావా, అది వేరే సంగతి. కనకాంబరాల మధ్య దవనం, మరువం వేసి కట్టిస్తాను, దవనానికి అదే రోజులు. మల్లెమొగ్గలు అప్పుడే మొదలవుతుంటాయి, దొరికితే మధ్యాహ్నం కట్టి తడి అరటాకులో చుట్టి ఉంచాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమటపట్టి గోధుమరంగుకి తిరుగుతాయి.

పూల కాడలు గుచ్చడానికి పచ్చటి స్పాంజి ఇటుకలు కొంటామంటారు, డబ్బు దండగ. అరటి బోదె జానెడు ముక్కలు కోసి కాడలు గుచ్చితే చాలు, నీళ్ళు దాంట్లోనే ఉంటాయి, రాత్రంతా తాజాగా ఉంటాయి. పెళ్ళయ్యాక ఆవుకి వెయ్యచ్చు, గుచ్చిన కాడలు లాగేసి. జిల్లేడు, గన్నేరు అందంగా ఉన్నాయని పిల్లలు ఎవరైనా తెస్తే పందిట్లోకి రానివ్వకు. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను పాడవుతుంది, గన్నేరు విషం, వడ్డన దగ్గర ఒక్క పువ్వు కూడా ఉండకూడదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. ఓ మోదుగ కొమ్మ, నాలుగు సరుగుడు రెమ్మలు తెప్పించి సాయంత్రం ఆరింటికి బిందెలో పెట్టి, రాత్రి పదకొండుకీ అర్ధరాత్రికీ ఫోటో తీసి నాకు పంపు. ఎలా ఉన్నా సరే పంపు, వాడిపోయినా దాచకు. నేను పెళ్ళికి నాలుగు రోజుల ముందే వస్తాను, మరువం కుండీతో సహా. బస్టాండుకి మీ నాన్ననే పంపు, ఆ బంతిపూల పెరడు ఎవరిదో దారిలో అడగాలి.

మీ పెద్దత్త