దీవిలో బీచ్ పక్కన టెంట్ వేసుకుని ఉండటం సురక్షితమేనా?

సెలవులకు ఇద్దరం ఒక ఉష్ణమండల దీవికి వెళ్తున్నాం, హోటల్ కాకుండా టెంట్‌లో ఉందామనుకుంటున్నాం, పాములు, షార్కులు, దొంగలు అని అందరూ భయపెడుతున్నారు, అసలు దేనికి భయపడాలి అని అడిగారు కదా. నేను దీవుల్లో చాలాసార్లు టెంట్‌లోనే ఉన్నాను, ఎక్కువగా మా ఆయనతో, అప్పుడప్పుడు స్నేహితులతో. సూటిగా చెప్పాలంటే సురక్షితమే, కానీ మీకు చెప్పిన లిస్టు తప్పు. షార్కుల్ని ముందు అందులోంచి కొట్టేయండి. పాములు ఉండే దీవుల్లో ఉంటాయి, మీరు జిప్ వేసుకుని, రాత్రి టార్చ్ లేకుండా కాలు బయట పెట్టకుండా ఉంటే వాటితో పెద్దగా పని పడదు. నిజంగా ఇబ్బంది పెట్టేవి నీళ్ళు, చెట్లు, చిన్న చిన్న గాయాలు. వీటిలో సగం మీరు టెంట్ ఎక్కడ వేశారన్న దాన్ని బట్టే ఉంటుంది.

అందుకే మొదటి మాట, చీకటి పడే ముందు హడావిడిగా చేరుకోకండి. భూమధ్యరేఖకి దగ్గర్లో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, సంధ్య వెలుగు ఇరవై ఇరవై అయిదు నిమిషాలకి మించి ఉండదు, ఇంకా వెలుతురుంది కదా అని బ్యాగులు దింపుకునేలోపే చీకటి పడిపోతుంది. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉంటే చుట్టూ తిరిగి చూడటానికి టైమ్ ఉంటుంది. మేం బ్యాగులు కింద పెట్టి ముందు తలెత్తి పైకి చూస్తాం, తర్వాతే నేల చూస్తాం.

పైకి ఎందుకంటే కొబ్బరి చెట్లు. ఫొటోల్లో కొబ్బరి చెట్ల మధ్య టెంట్ చాలా అందంగా ఉంటుంది, ఆ ఫొటో తీసుకుని టెంట్ అక్కడి నుంచి తీసేయండి. కాయ కిలో రెండు కిలోలు ఉంటుంది, చెట్టు ఇరవై మీటర్లు దాటుతుంది, గాలి లేకపోయినా పడుతుంది. కాయలు కోసేసిన చెట్టు కదా అనుకోవద్దు, ఎండిన మట్ట పడినా టెంట్ గుడ్డ ఆగదు. మిగతా చెట్ల కింద కూడా విరిగి పై కొమ్మల్లో వేలాడుతున్న ఎండు కొమ్మలున్నాయేమో చూసుకోవాలి. కరీబియన్ వైపు వెళ్తే ఇంకోటి, మాంచినీల్ అనే చెట్టు బీచ్‌ల దగ్గరే పెరుగుతుంది, చిన్న పచ్చి ఆపిల్ లాంటి కాయలుంటాయి. కాయ విషం, పాలు తగిలితే బొబ్బలు, వాన పడుతున్నప్పుడు దాని కింద నిలబడినా ఆకుల మీంచి కారే నీళ్ళతో ఒళ్ళు మండిపోతుంది. చాలాచోట్ల చెట్టుకి ఎర్ర పట్టీ వేసో, బోర్డు పెట్టో ఉంచుతారు, కానీ అన్ని చెట్లకీ ఉండదు. దాని కట్టె పొగ కూడా కళ్ళకి ప్రమాదమే, కాబట్టి తెలియని పుల్లలతో మంట వేయకండి.

ఇక నేల. పోటు ఎక్కడి దాకా వచ్చిందో తీరం మీదే కనిపిస్తుంది, ఎండిన నాచు, పుల్లలు, ప్లాస్టిక్ చెత్త ఒక గీతలా పేరుకుని ఉంటాయి. అందరూ ఆ గీత చూసి దానికి కాస్త పైన టెంట్ వేసేస్తారు, కానీ అది మొన్నటి పోటు గీత మాత్రమే. అష్టమి రోజుల్లో పోటు తక్కువ, అమావాస్య పౌర్ణమి దగ్గర పడేకొద్దీ నీళ్ళు ఇంకా పైకి వస్తాయి, దానికి తోడు సముద్రం మీంచి గాలి వీస్తే ఇంకాస్త పైకి. మీరు ఉండే రోజుల్లో అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఉందేమో క్యాలెండర్‌లో చూసుకోండి, ఆ ప్రాంతపు పోటు పట్టిక ఫోన్లో దింపుకోండి. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి, అంటే మొదటి రాత్రి భోజనాల వేళ వచ్చిన పోటు నాలుగు రోజులయ్యేసరికి నిద్రలో వస్తుంది. గీతకి పైన, మొక్కలు గట్టిగా పెరిగిన చోటుకి వెళ్ళిపోండి, ఆ మొక్కల్ని తొక్కకుండా. కొండరాళ్ళకి ఆనుకున్న చిన్న బీచ్‌లైతే పోటు వచ్చాక బయటికి దారే ఉండకపోవచ్చు, అదీ ముందే చూసుకోవాలి.

సముద్రం కన్నా నాకు ఎక్కువ భయం వాగులంటే. దీవుల్లో కొండలు నిటారుగా ఉంటాయి, వాగులు పొట్టివి, పైన వాన పడితే కింద ఎండగా ఉండగానే నీళ్ళు వచ్చేస్తాయి. ఒకసారి మా పక్కన దిగిన కుర్రాళ్ళు ఎండిపోయిన వాగులో మెత్తటి ఇసుక చూసి అక్కడే టెంట్ వేశారు, మా ఆయన వెళ్ళి మాట్లాడితే నవ్వుతూనే పైకి మార్చుకున్నారు. అర్ధరాత్రి కొండ మీద ఉరుములు, మా దగ్గర చినుకులే, తెల్లారేసరికి ఆ ఇసుక ఉన్నచోట మోకాలి పైన ఎర్రనీళ్ళు పారుతున్నాయి. వాగు దాటి అవతల టెంట్ వేయడం కూడా అందుకే నాకు ఇష్టం ఉండదు, రేపు తిరిగి దాటగలమని గ్యారంటీ లేదు. నీళ్ళు ఒక్కసారిగా రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా దాటే ప్రయత్నం మానేసి గట్టుమీదే ఆగిపోవాలి.

మొసళ్ళ గురించి మీరు అడగలేదు కానీ ఉత్తర ఆస్ట్రేలియా, సోలమన్ దీవులు, అండమాన్ లాంటి చోట్ల ఉప్పునీటి మొసళ్ళుంటాయి, సముద్రంలో కూడా ఈదుతాయి. క్వీన్స్‌లాండ్‌లో అధికారులు చెప్పే లెక్క నేను ఎక్కడికెళ్ళినా పాటిస్తాను, నీటి అంచు నుంచి కనీసం 50 మీటర్ల దూరం, పోటు గీతకి కనీసం 2 మీటర్ల ఎత్తు. మడ అడవుల దగ్గర, వాగు సముద్రంలో కలిసే చోట గిన్నెలు కడగడం, చేపలు శుభ్రం చేయడం అస్సలు వద్దు.

ఇసుకలో మామూలు మేకులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగున్నర లోతున పాతేస్తే అదే పెద్ద లంగరు. రాత్రి గాలి లేచాక ఈ పని చేయడం నరకం, ముందే చేసుకోండి. ఉరుముల విషయానికొస్తే టెంట్ పిడుగు నుంచి ఏమాత్రం కాపాడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేవంటే పక్కా భవనంలోకో, పైన లోహపు కప్పు ఉన్న కారులోకో వెళ్ళాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు అక్కడే ఉండాలి. అందుకే దగ్గర్లో ఏ భవనం ఉందో పగలే చూసి పెట్టుకోమంటాను. వాన పడుతోంది కదా అని స్టవ్ మాత్రం టెంట్‌లోకి తేకండి, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

సునామీ వస్తే ఎక్కాల్సిన ఎత్తైన చోటుకి దారి కూడా పగలే నడిచి చూసుకోండి. భూకంపం గట్టిగా, లేదా చాలాసేపు వచ్చినా, సముద్రం మామూలుగా లేనంత వెనక్కి వెళ్ళినా, రైలు లాంటి హోరు వినిపించినా సామాను వదిలేసి పైకి వెళ్ళాలి, సైరన్ కోసం ఎదురుచూడొద్దు. భూకంపం దగ్గర్లో వస్తే సునామీ నిమిషాల్లో వచ్చేస్తుంది. మొదటి అలే పెద్దదని కూడా లేదు, 2004 డిసెంబర్ 26న చాలా తీరాల్లో ఆ తర్వాత వచ్చిన అలలే ఎక్కువ నష్టం చేశాయి, కాబట్టి అధికారులు చెప్పేదాకా కిందికి దిగొద్దు.

ఈతలో లోపలికి లాగేసే రిప్ కరెంట్‌కి ఎదురీదకండి. అది నీటి అడుక్కి లాగదు, దూరానికి తీసుకెళ్తుంది, మనిషి పోయేది అలసిపోయి. తేలుతూ, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, తర్వాత అలలతో పాటు ఒడ్డుకి రావాలి. కాపలా లేని బీచ్‌లో ఒంటరిగా దిగకపోవడమే మేలు, మందు తాగి రాత్రిపూట దిగడం గురించైతే చెప్పక్కర్లేదు.

దోమల మాటకొస్తే, డెంగీ తెచ్చే దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా ఉదయం, సాయంత్రానికి ముందు. రాత్రి దోమతెరలో పడుకున్నాం చాలు అనుకుంటే కుదరదు. ఒంటికి రాసుకునే దోమల మందుల్లో డీట్ 20 నుంచి 30 శాతం ఉన్నది గానీ పికారిడిన్ ఉన్నది గానీ వాడండి, ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక ఇది. డీట్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, కళ్ళజోడు, వాచీ జాగ్రత్త. బీచ్‌లో గాలి ఆగిన సాయంత్రాల్లో కంటికి ఆనని చిన్న ఈగలు వస్తాయి, అవి మామూలు జాలీలోంచి దూరిపోతాయి, టెంట్ కొనేటప్పుడు జాలీ ఎంత సన్నగా ఉందో చూసుకోండి. జ్వరం వస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, డెంగీ అయితే రక్తస్రావం పెరుగుతుంది. పారాసెటమాల్ వేసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళిపోండి.

పగడపు దిబ్బ గీసుకుంటే చిన్న గీతే కదా అనిపిస్తుంది, ఆ వేడికీ తేమకీ రెండు రోజుల్లో చీము పడుతుంది. మంచినీళ్ళూ సబ్బుతో బాగా రుద్ది కడిగి, ముక్కలుంటే తీసేసి, పొడిగా ఉంచాలి. నీళ్ళలో చెప్పులు కాదు, మందపాటి అడుగున్న బూట్లు వేసుకోండి. స్టోన్‌ఫిష్ అనే విషపు చేప ముల్లు గుచ్చుకున్నా, తోకలో ముల్లుండే స్టింగ్‌రే చేప కొట్టినా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, కాలు పెట్టి ఉంచాలి. నొప్పి చాలావరకు తగ్గుతుంది, కానీ ఆసుపత్రి తప్పదు. విషంతో కుట్టే బాక్స్ జెల్లీఫిష్ ఉండే సముద్రాలకైతే, కుట్టినచోట పోయడానికి వెనిగర్ సీసా పట్టుకెళ్ళండి. శంకువు ఆకారంలో రంగురంగుల గవ్వ ఏదైనా అందంగా ఉందని చేత్తో తీయొద్దు, లోపల జీవి ఉంటే కుట్టి చంపగలదు.

తిండి టెంట్‌లో పెట్టుకోకండి. మాకు ఒక చోట ఎలుక బిస్కెట్ల కోసం పక్కటెంట్ గుడ్డ కొరికేసి లోపలికి దూరింది, రాత్రంతా ఆ అమ్మాయి కేకలు. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి దూరంగా ఉంచండి. బూట్లు తొడుక్కునే ముందు దులపండి, జెర్రులు, తేళ్ళు దూరతాయి. వాగునీళ్ళు ఎంత తేటగా ఉన్నా బాగా మరిగించకుండా తాగొద్దు, కాలి మీద పుండు ఉంటే ఆ నీళ్ళలో దిగొద్దు, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాగే అంటుకుంటుంది. విరేచనాలు పట్టుకుంటే, ఓఆర్ఎస్ ప్యాకెట్లు లేకపోతే, లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి వేసుకుని కొంచెం కొంచెంగా తాగండి.

మనుషుల సంగతి. అనుమతి ఉన్న క్యాంపు స్థలంలోనే ఉండండి, రూల్స్ కోసం మాత్రమే కాదు, మీరు అక్కడ ఉన్నారని ఒకరికి తెలుస్తుంది. నాకు దీవుల్లో దొంగతనం కన్నా మాటలు కలిపి మీరు ఎన్నాళ్ళుంటారు, ఇద్దరేనా, ఏ టెంట్ అని ఆరా తీసేవాళ్ళతోనే ఎక్కువ టెన్షన్. అలాంటివాళ్ళకి ఇంకో నలుగురు ఫ్రెండ్స్ వస్తున్నారని చెప్పేస్తాను, ఏమాత్రం మొహమాటపడను. అక్కడి జాలరులు ఇక్కడ వద్దు అంటే మాత్రం ఎందుకని వాదించకుండా మార్చేయండి. పాస్‌పోర్టు, డబ్బు, ఫోన్ పడుకునే చోటే, ఒంటికి దగ్గరగా. టెంట్ జిప్‌కి లోపలి నుంచి తాళం వేయకండి, చీకట్లో తాళంచెవి వెతుక్కుంటూ బయటపడలేరు.

తుఫాన్ల సీజన్ ఒక్కో సముద్రానికి ఒక్కోలా ఉంటుంది, అట్లాంటిక్‌లో జూన్ నుంచి నవంబర్, దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్, టికెట్లు కొనేముందే చూసుకోండి. మామూలు రోజుల్లో కూడా సముద్రం బాగోకపోతే పడవలు ఆపేస్తారు. అందుకే తిరుగు పడవకీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకుని, ఆ అదనపు రోజుకి సరిపడా నీళ్ళూ, రోజూ వేసుకునే మందులూ విడిగా పక్కన పెట్టుకోండి.