సర్వీస్ ఎస్టిమేట్‌లో ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి

నలభై వేల కిలోమీటర్ల సర్వీసుకి కారు ఇస్తే పద్దెనిమిది ఐటమ్స్ ఉన్న ఎస్టిమేట్ చేతిలో పెట్టారు, వీటిలో నిజంగా చేయించాల్సినవి ఏవి, మిగతావి వద్దంటే వారంటీ పోతుందా అని అడిగారు కదా. నేను మెకానిక్‌ని కాను. పదిహేనేళ్లలో రెండు కార్లు వాడాను, అంతే. కాకపోతే ఈ కాగితం ముందు కూర్చుని చేయగలిగిన రెండు రకాల తప్పులూ చేశాను. అక్కర్లేనివి బోలెడు చేయించాను, చేయించి తీరాల్సింది ఒకటి మానేశాను. కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిక చేసుకోండి.

ముందు ఆ కాగితం పక్కన పెట్టి గ్లవ్ బాక్స్‌లోంచి ఓనర్స్ మాన్యువల్ బయటికి తీయండి. కారు కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు, నాదైతే ఐదేళ్లు ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. చివరి పేజీల్లోనో, విడిగా ఇచ్చే సర్వీస్ బుక్‌లోనో ఒక పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు, లేదా ఎన్ని నెలలకు ఏం చేయాలన్నది అందులోనే ఉంటుంది, రెంటిలో ఏది ముందొస్తే అదే లెక్క. "నా కారు పెద్దగా తిరగదండీ" అనే మాట ఇక్కడ చెల్లదు, కారు తిరగకపోయినా నెలలు తిరుగుతూనే ఉంటాయి. చాలా కంపెనీల పట్టికల్లో గడికో అక్షరం ఉంటుంది, ఒకటి ‘మార్చాలి’ అని, ఇంకొకటి ‘చూడాలి’ అని. ఆ తేడా బాగా పట్టుకోండి, ఎందుకంటే ఎస్టిమేట్ పొడవు పెరిగేది సరిగ్గా అక్కడే. మాన్యువల్‌లో ‘చూడాలి’ అని ఉన్నది సర్వీస్ అడ్వైజర్ దగ్గరికి వచ్చేసరికి ‘మార్చాలి’ అయిపోతుంది, లేదంటే ‘క్లీనింగ్’ అనే పేరుతో విడిగా ఒక లైన్ అవుతుంది.

దాని పక్కనే కఠిన పరిస్థితుల్లో నడిచే కార్లకని ఇంకో పట్టిక ఉంటుంది. కఠినం అనగానే ఎడారుల్లో రేసులు అనుకుని నేను ఆ పేజీ తిప్పేశాను. తర్వాత చదివితే అందులో ఉన్నది నా గురించే: రోజూ రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేయడం, ట్రాఫిక్‌లో ఇంజన్ ఆన్‌లో పెట్టుకుని నిలబడడం, దుమ్ము, బాగా ఎండ. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే ఆయిల్‌లో చేరిన తేమా, పెట్రోలూ ఆవిరయ్యే అవకాశమే ఉండదు, అందుకే హైవే మీద ఇరవై వేలు తిరిగిన కారు కంటే వీధి చివరిదాకా వెళ్లొచ్చే కారుకే ఆయిల్ త్వరగా పాడవుతుంది. మీ కారు ఏ పట్టికలోకి వస్తుందో ముందు తేల్చుకోండి.

ఇప్పుడు నా తప్పు సంగతి. మొదటి కారు కొత్తలో ప్రతి సర్వీసుకీ అండర్‌బాడీ కోటింగ్, ఇంజన్ డ్రెస్సింగ్ (ఇంజన్ పైకి మెరిసేలా పూసే పాలిష్), ఏసీ డిస్ఇన్ఫెక్షన్, ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్ అన్నింటికీ సరే అనేవాణ్ణి. కారు మెరుస్తూ, మంచి వాసనతో తిరిగొచ్చేది, సంతోషంగా ఉండేది. అదే లిస్టులో బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ మీది ఒత్తిడిని చక్రాల దగ్గరి బ్రేకులకి చేర్చే ద్రవం) మార్చాలని ఉంటే మాత్రం "బ్రేకులు బాగానే పడుతున్నాయిగా, వచ్చేసారి చూద్దాం" అనేవాణ్ణి. అలా మూడుసార్లు అన్నాను. ఆరో ఏడు ఒక కొండదారి దిగుతున్నాం, కారు నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. తక్కువ గేర్‌లో దిగకుండా బ్రేక్ మీదే కాలు పెట్టుకుని దిగాను, ఆ తప్పూ నాదే. సగం దూరం వచ్చేసరికి పెడల్ మెత్తగా, స్పాంజి మీద తొక్కినట్టు కిందికి పోవడం మొదలైంది. గబగబా నాలుగుసార్లు కొడితే కొంచెం పట్టింది, సెకండ్ గేర్‌లోకి దించి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగుతూ ఎలాగో పక్కకి ఆపాను. వెనక కూర్చున్నవాళ్లకి ఏం జరిగిందో తెలియదు, ఫొటోల కోసం ఆపాననుకున్నారు. ముప్పావుగంట తర్వాత తొక్కి చూస్తే పెడల్ ఎప్పటిలాగే గట్టిగా ఉంది! నాకు అసలు భయం వేసింది అప్పుడే.

తర్వాత తెలుసుకున్నది ఇదీ. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా రబ్బరు పైపుల గుండా కూడా కొద్దికొద్దిగా చేరుతుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక అదే ఫ్లూయిడ్‌కి పెట్టిన కనీస హద్దు 155 డిగ్రీలే. పొడుగాటి దిగుడులో బ్రేకుల వేడికి ఆ పాత ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి అవతలి వైపుకి చేరుతుంది, ఆవిరిని నొక్కితే అది కుదించుకుపోతుంది, పెడల్ కిందికి పోతుంది. చల్లారితే మళ్లీ ద్రవమైపోతుంది కాబట్టి ఏ మెకానిక్‌కి చూపించినా అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రోజువారీ ఊళ్లో తిరుగుళ్లలో ఎప్పటికీ బయటపడదు. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, కొన్ని మూడేళ్లంటాయి. మీ మాన్యువల్ ఎంత అంటే అంత, బేరాల్లేవు.

అప్పట్నుంచి ఎస్టిమేట్‌లో ప్రతి లైన్‌నీ ఒకే ప్రశ్న అడుగుతున్నా: ఇది పోతే దీంతో పాటు ఇంకేం పోతుంది? వైపర్ బ్లేడ్ పోతే వైపర్ బ్లేడే పోతుంది. ఇంజన్ ఆయిల్ పోతే ఇంజన్ పోతుంది.

అందుకే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ విషయంలో వాదన పెట్టుకోకండి. సింథటిక్ ఆయిల్ వాడే ఇప్పటి కార్లలో చాలావాటికి 10,000 కి.మీ. లేదా ఏడాది. దాన్ని ఐదు వేలకే మార్చేయాలని ఎవరన్నా అంటే మీ కారు ఆ కఠిన పట్టికలో ఉందేమో చూసుకోండి, లేకపోతే అక్కర్లేదు. డిప్‌స్టిక్ తీసి "చూడండి సార్, ఎంత నల్లగా ఉందో" అని చూపిస్తారు. రంగు చూసి టెన్షన్ పడొద్దు, డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా చాలా త్వరగా నల్లబడిపోతుంది. మీరు చూడాల్సింది బిల్లు మీద రాసిన గ్రేడ్. గ్రేడ్ అంటే ఆయిల్ ఎంత చిక్కగా ఉండాలో చెప్పే నంబరు, మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే డ్రమ్ములో ఏదుంటే అది పోయించుకోకూడదు. ఇక ఇంజన్ ఫ్లష్ అంటారా, ఆయిల్ టైముకి మారుస్తున్న ఇంజన్‌కి అది దండగ. ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేసిన ఇంజన్‌లో ఇంకా ప్రమాదం, లోపల పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడొచ్చి ఆయిల్ పీల్చే జాలీకి అడ్డం పడొచ్చు.

టైమింగ్ బెల్ట్ (ఇంజన్‌లో వాల్వులూ, పిస్టన్లూ ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) గురించి మీరు అడగలేదు, 40 వేలకి మామూలుగా అది రాదు కూడా. అయినా మీ ఇంజన్‌కి బెల్టా, చెయినా అన్నది ఈ రోజే తెలుసుకుని పెట్టుకోండి. చెయిన్ అయితే సాధారణంగా మార్చే గడువు ఉండదు. బెల్ట్ అయితే ఉంటుంది, కిలోమీటర్లకీ, ఏళ్లకీ కూడా, ఎందుకంటే అది రబ్బరు. చాలా ఇంజన్లలో బెల్ట్ తెగితే పిస్టన్లు వెళ్లి తెరిచి ఉన్న వాల్వులని కొడతాయి, అక్కడితో ఇంజన్ విప్పాల్సిందే. తెగే ముందు అది పెద్దగా చప్పుడు కూడా చేయదు. సెకండ్ హ్యాండ్ కారు అయితే, మార్చినట్టు బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. బెల్ట్ మార్చేటప్పుడు "వాటర్ పంప్ కూడా వేసేద్దాం సార్" అంటే మాత్రం అది మోసం అనుకోకండి, చాలా ఇంజన్లలో పంప్‌ని తిప్పేది ఆ బెల్టే, విప్పే పని అంతా ఎలాగూ అయిపోయి ఉంటుంది.

ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ రంగు చూసి రకం నిర్ణయించకండి, ఆ రంగులకి కంపెనీల మధ్య ఒప్పందమేం లేదు. ఎక్కువకాలం మన్నే రకాలు చాలావరకు ఐదేళ్లు వస్తాయి, పాత రకాలు రెండు మూడేళ్లే. మీకు 40 వేలకే పూర్తిగా మార్చాలని రాస్తే మాన్యువల్ చూపించమనండి.

గేర్‌బాక్స్ ఆయిల్ దగ్గర కథ తిరగబడుతుంది. కొన్ని కార్ల కంపెనీలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని ‘లైఫ్‌టైమ్’ అంటాయి, అంటే మార్చక్కర్లేదని. ఎవరి లైఫ్‌టైమో చెప్పరు! ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ కంపెనీ జెడ్ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్‌లకి 80,000 నుంచి 1,20,000 కి.మీ. మధ్య, లేదా ఎనిమిదేళ్లకి ఆయిల్ మార్చమని సలహా ఇస్తుంది. కారు నాలుగేళ్లలో అమ్మేసేవాళ్లకి ఇది పట్టదు. నాలాగా పదేళ్లు ఉంచుకునేవాళ్లు మాన్యువల్ కంటే ఒక అడుగు ముందుకేయాల్సిన చోటు నాకు తెలిసి ఇదొక్కటే. నా రెండో కారుకి 80 వేలకి మార్పించాను. ఆయిల్ మాత్రం ఆ గేర్‌బాక్స్‌కి చెప్పిన రకమే పోయాలి, సీవీటీ (గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) అయితే మరీను.

ఎయిర్ ఫిల్టర్, క్యాబిన్ ఫిల్టర్ మీరే మార్చుకోండి. క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకాలే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేని కార్లున్నాయి. మొదటిసారి నాకు అరగంట పట్టింది, ఇప్పుడు ఐదు నిమిషాలు. స్పార్క్ ప్లగ్గులు ఏ రకమో చూసుకోండి, ఇరిడియం అయితే చాలా కార్లలో లక్ష కిలోమీటర్ల దాకా వస్తాయి కాబట్టి 40 వేలకి తీసి పారేయడం వృథా. డీజిల్ కారు అయితే ఫ్యూయల్ ఫిల్టర్ మానొద్దు, అందులో చేరిన నీళ్లు ఇంజెక్టర్ల దాకా వెళ్తే ఆ ఖర్చు వేరే లెవెల్లో ఉంటుంది.

"బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి సార్" అన్న మాటని ఒప్పుకోకండి. ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయని అడగండి. కొత్త ప్యాడ్ మీద మెటీరియల్ దాదాపు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది, 3 దగ్గరికి వస్తే మార్చాలి. ఒకసారి నాకూ అలాగే చెప్పారు. చక్రం విప్పి చూపించమంటే కాసేపు నసిగి చూపించారు. ఆరు మిల్లీమీటర్లు! ఇంకో ఏడాదిన్నర నడిచాయి. బ్యాటరీ కూడా అంతే, "వీక్‌గా ఉంది" అంటే టెస్టర్ రీడింగ్ చూపించమనండి. టైర్లని పది వేలకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి, అలైన్‌మెంట్ మాత్రం కారు ఒకవైపుకి లాగుతున్నా, టైరు ఒక అంచున అరుగుతున్నా, గట్టి గుంతలో పడ్డా చేయించండి చాలు. టైర్లలో నైట్రోజన్ నింపడం అంటారా, మామూలు గాల్లోనే 78 శాతం అదే ఉంది. నెలకోసారి చల్లటి టైర్లలో గాలి చూసుకోవడం దానికంటే మేలు.

కొట్టేయాల్సినవి చెప్పమంటే నేను వెనకాముందూ చూడకుండా కొట్టేసేవి ఇంజన్ డ్రెస్సింగ్, ఆయిల్‌లో కలిపే అడిటివ్‌లు, ఏసీ స్ప్రే, ఇంటీరియర్ పాలిష్. ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) క్లీనింగ్, డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) లాంటివి ఇంజన్ వణకడం, పికప్ తగ్గడం లాంటి లక్షణం ఉంటే అప్పుడు చూసుకోవచ్చు, క్యాలెండర్ చూసి చేయించేవి కావు. చిన్న మినహాయింపు ఒకటుంది. పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో చాలావాటికి, గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు కాబట్టి మసి పేరుకుంటుంది, అది నిజంగానే శుభ్రం చేయాల్సి రావచ్చు. కానీ ట్యాంకులో పోసే సీసా మందు అక్కడికి చేరనే చేరదు, అదే పెట్రోల్‌తో కలిసి వెళ్తుంది కదా మరి.

సర్వీస్ వాళ్లు చెప్పేవన్నీ అబద్ధాలని అనుకోవద్దు. ఒకసారి నేను లిస్టంతా కొట్టేసి గర్వంగా కూర్చుంటే, అడ్వైజర్ కుర్రాడు కారు కిందికి తీసుకెళ్లి చక్రాలని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింటు మీది రబ్బరు బూటు (తొడుగు) చిరిగి గ్రీజు చిమ్ముతున్నది చూపించాడు. మాన్యువల్ పట్టికలో అది ‘చూడాలి’ అనే ఉంటుంది, అతను నిజంగా చూశాడు. బూటు ఒక్కటే మార్చి సరిపెట్టాం. ఇంకో రెండు నెలలు వదిలేస్తే దుమ్ము చేరి జాయింటే పోయేది. అతను చూపించాడు, ఊరికే చెప్పలేదు. కాబట్టి నేనిప్పుడు ఏ ఐటమ్‌కైనా చూపించమంటాను, మార్చిన పాత భాగాలు కారులో పెట్టించమంటాను. ఇది ముందే చెబితే ఎస్టిమేట్ దానంతటదే కొంచెం చిన్నదవుతుంది, అదేం మాయో మరి.

వారంటీ సంగతి: కోటింగులూ, స్ప్రేలూ వద్దన్నందుకు వారంటీ పోదు. మాన్యువల్ పట్టికలో ఉన్నది మానేసి, దానివల్లే ఏదన్నా భాగం పోతే అప్పుడు కంపెనీ చేతులెత్తేయొచ్చు. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడ్ కనిపించేలా ప్రతి బిల్లూ దాచుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా చాలు, వేడికి చెరిగిపోయే ప్రింట్లయితే తప్పకుండా తీయండి. ఫలానా ఐటమ్ వద్దంటే వారంటీ పోతుందని నోటితో బెదిరిస్తే, ఆ మాటే జాబ్ కార్డు మీద రాసివ్వమనండి. నాకు ఇప్పటిదాకా ఎవరూ రాసివ్వలేదు.

మీ పద్దెనిమిదిలో ఆయిల్, దాని ఫిల్టర్, మాన్యువల్ గడువు దాటి ఉంటే బ్రేక్ ఫ్లూయిడ్, టైర్ రొటేషన్, ప్యాడ్ల కొలత, డీజిల్ అయితే ఫ్యూయల్ ఫిల్టర్, ఇవి కచ్చితంగా ఉంచాల్సినవని నా అంచనా. గాలి ఫిల్టర్లు రెండూ విడిగా కొనుక్కుని ఇంట్లో వేసుకోండి. మిగతావి చెప్పాలంటే మీది పెట్రోలా డీజిలా, ఎన్నేళ్ల కారు, గేర్లు మాన్యువలా ఆటోమేటిక్కా తెలియాలి. ఆ వివరాలతో పాటు ఓనర్స్ మాన్యువల్‌లో 40 వేల దగ్గర ఏం రాసుందో ఇక్కడ పెట్టండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.