మీ ప్రశ్నలు – మా జవాబులు: శిలువ యుద్ధాల్లో నీళ్ళు, కలప, బాకీలు

యెరూషలేము కోసం పడమటి క్రైస్తవులు ముస్లింల మీదికి చేసిన దండయాత్రలైన శిలువ యుద్ధాల మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాం. వచ్చిన జాబుల్లో సగం ‘తప్పెవరిది’ అన్నవే. వాటిని పక్కనపెట్టి, లెక్కకు అందే ప్రశ్నలు తీసుకున్నాం. ఊళ్ళ పేర్లు వీలైనంతవరకు తెలుగు బైబిలులో ఉన్నట్టే రాశాం: జాఫా అంటే యొప్పే, ఆంటియోక్ అంటే అంతియొకయ.

ప్రశ్న: ‘ఫిరంగి’ అన్న మాటకు ఈ యుద్ధాలతో సంబంధం ఉందని మా ఉర్దూ మాస్టారు అంటారు. నిజమేనా? (డిగ్రీ విద్యార్థిని, నల్లకుంట)

జవాబు: ఉంది, కాకపోతే చుట్టుదారిన. 1096లో బయలుదేరిన సేనల్లో చాలామంది ఫ్రాన్సు ప్రాంతాల వాళ్ళు. అరబ్బు చరిత్రకారులకు జర్మనీవాడైనా ఇంగ్లండువాడైనా పడమటి క్రైస్తవుడంటే ‘ఇఫ్రంజ్’ మనిషే. పారసీకంలో అది ఫరంగీ. దక్కను చేరి, తోపులు తెచ్చినవాళ్ళ పేరే తోపుకు అంటుకుని, తెలుగులో ఫిరంగి అయింది. ఇబ్రహీంపట్నం వైపు పోయే ఫిరంగి నాలాలో ఉన్నదీ ఆ మాటే.

ఇంకో సంగతి. ‘సలీబీ జంగేఁ’ అని ఉర్దూలో ఇప్పుడు వాడే పేరు పాతది కాదు. అరబ్బీలో దానికి సమానమైన పేరు వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దంలోనే. వెళ్ళినవాళ్ళు తమను యాత్రికులమనే చెప్పుకున్నారు. మొక్కుకుని, గుడ్డ శిలువను బట్టల మీద కుట్టించుకుని బయలుదేరేవారు. మొదటిది, రెండోది అన్న వరస సంఖ్యలు తర్వాతి చరిత్రకారులు వేసినవి.

ప్రశ్న: గోల్కొండ ఎనిమిది నెలలు నిలబడి, చివరికి లోపలివాడు తలుపు తీస్తే పడింది. యెరూషలేము అయిదారు వారాల్లోనే ఎలా పడిపోయింది? అక్కడా ద్రోహమేనా? (లంగర్ హౌస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మీరు చెప్పిన పోలిక యెరూషలేముకు కాదు, అంతియొకయకు సరిపోతుంది. ఆ పట్నం 1097 అక్టోబరు నుంచి 1098 జూన్ 3 దాకా నిలిచింది. చివరికి ఫిరూజ్ అనే బురుజు కాపరి బొహెమండ్ అనే నాయకుడితో మాట్లాడుకుని రాత్రివేళ తాడు నిచ్చెన ఎక్కనిచ్చాడు.

యెరూషలేము కథ కలపది. సేన 1099 జూన్ 7న గోడల ముందు దిగింది. గుర్రపు యోధులు వెయ్యి పైచిలుకు, కాల్బలం సుమారు 12,000. అప్పటికి పట్నం ఈజిప్టును ఏలే ఫాతిమీ వంశం చేతిలో ఉంది. దాని అధికారి ఇఫ్తిఖార్ ఉద్దౌలా గోడ బయటి బావులను పాడుచేయించాడు. మిగిలిన ఊట సిలోయము ఒక్కటే, అదీ ఆగి ఆగి పారేది. ఎద్దు తోళ్ళు సంచులుగా కుట్టి మైళ్ళ దూరం నుంచి నీళ్ళు మోశారు. ఆ నీళ్ళు కంపు కొట్టేవి. జూన్ 13న ఆవేశపడి గోడ మీదికి ఎగబాకారు. చేతిలో ఉన్నది ఒకే ఒక నిచ్చెన! వరసన ఒక్కొక్కడే ఎక్కాలి, పైన కాచుకున్నవాడు ఒక్కొక్కణ్ణే నరకాలి. విఫలమవకుండా ఎలా ఉంటుంది?

చుట్టుపక్కల నిచ్చెనలకు సరిపడే చెట్లే లేవు. జూన్ 17న యొప్పే రేవుకు జెనోవా ఓడలు రావడంతో కథ మలుపు తిరిగింది. మేకులు, తాళ్ళు, గొడ్డళ్ళు, అన్నిటికంటే ముఖ్యంగా వడ్రంగం తెలిసినవాళ్ళు దొరికారు. ఓడలను విప్పి ఆ కలప తెచ్చారు, దూలాలు సమరయ కొండల నుంచి లాగించారు. గోడను మించిన ఎత్తున, చక్రాల మీద నడిచే రెండు కొయ్య బురుజులు లేచాయి. నిప్పు అంటకుండా వాటికి పచ్చి తోళ్ళు కప్పారు.

చక్రాల బురుజు నడవాలంటే నేల చదునుగా ఉండాలి. దక్షిణాన దాడి నడిపే నాయకుడు రేమండ్ ముందు లోతైన కందకం ఉంది. మూడు రాళ్ళు వేసినవాడికి ఒక నాణెం కూలి ఇచ్చి పూడ్పించాడు, మూడు పగళ్ళు మూడు రాత్రుళ్ళు పట్టింది. ఉత్తరాన ఇంకో నాయకుడు గాడ్‌ఫ్రీ మరో ఎత్తు వేశాడు. తన బురుజు కనబడినచోట లోపలివాళ్ళు గోడ పటిష్ఠం చేసుకుంటుంటే, జూలై 9 రాత్రి దాన్ని విప్పి, తూర్పుగా సుమారు కిలోమీటరు అవతల గోడ బలహీనంగా ఉన్నచోట మళ్ళీ నిలబెట్టించాడు. అక్కడ ముందుగా దుంగతో బయటి గోడ పగలగొట్టారు. తీరా చూస్తే ఆ దుంగే బురుజు దారికి అడ్డమైంది. దాంతో దాడి చేసేవాళ్ళు సొంత దుంగకు నిప్పు పెట్టారు, లోపలివాళ్ళు అది కాలిపోకుండా నీళ్ళు పోశారు! జూలై 15 మధ్యాహ్నానికి బురుజు మీంచి గోడ మీదికి వంతెన పడింది. దక్షిణపు బురుజు మాత్రం దెబ్బతిని గోడను చేరలేకపోయింది.

తర్వాత జరిగింది ఊచకోత. ముస్లింలు, యూదులు వేలల్లో చచ్చారు. ఇబ్నుల్ అసీర్ రాసిన 70,000 లెక్కను నేటి చరిత్రకారులు ఒప్పుకోరు. అంకె తగ్గినంత మాత్రాన ఆ పని చిన్నదైపోదు.

ప్రశ్న: హత్తీన్‌లో అంత పెద్ద సేన ఒక్క రోజులో ఎలా తుడిచిపెట్టుకుపోయింది? (పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్)

జవాబు: ఒకటిన్నర రోజు, అందులో ఒక రాత్రి నీళ్ళు లేకుండా. పరీక్షలో 1187 జూలై 4 అని రాయండి. ఓరుగల్లులో కాకతి రుద్రదేవుడు ఏలుతున్న కాలమని గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

యెరూషలేమును ఏలే క్రైస్తవ రాజు గీ సుమారు 20,000 మందితో సఫ్ఫూరియా ఊటల దగ్గర హాయిగా ఉన్నాడు. అతణ్ణి అక్కణ్ణుంచి కదిలించడానికే ఈజిప్టు, సిరియాల సుల్తాను సలాహుద్దీన్ సరస్సు ఒడ్డున ఉన్న తిబెరియ మీద పడ్డాడు. అక్కడి కోటలో చిక్కుకుంది ట్రిపోలీ దొర రేమండ్ భార్య. యెరూషలేము ముట్టడి నాటి రేమండ్ కాదు, ఈయన వేరు. అయినా ‘ఊరు పోతే పోనీ, కదలొద్దు’ అన్నది ఆ భర్తే. సాయంత్రం రాజు సరేనన్నాడు. రాత్రి టెంప్లర్లనే యోధ సన్యాసుల పెద్ద గెరార్డ్ వచ్చి మనసు మార్చాడు. జూలై 3 తెల్లవారి నడక మొదలైంది. తిబెరియకు సుమారు 25 కిలోమీటర్లు, ఎండాకాలం, మనుషుల మీద ఇనుప జాలీ కవచాలు.

అసలు పొరపాటు తురాన్ ఊటను దాటి పోవడం. దాటగానే సలాహుద్దీన్ బలగాలు వెనక్కి చుట్టివచ్చి ఆ ఊటను ఆక్రమించాయి. ముందు సరస్సు ఉంది, చేరే దారి లేదు. ఎండలో పనిచేసే గుర్రానికి రోజుకు ముప్ఫై నలభై లీటర్ల నీళ్ళు కావాలి. అవి లేక గుర్రాలు డీలాపడ్డాక యోధుడి బల్లెం దాడికి ఊపెక్కడిది? అవతలి శిబిరానికి మాత్రం సరస్సు నుంచి ఒంటెల మీద నీటి తిత్తులు వస్తూనే ఉన్నాయి. 70 ఒంటెల మీద బాణాలు నిల్వ ఉన్నాయి. మర్నాడు ఎండుగడ్డికి నిప్పు పెడితే గాలి పొగను రాజు సేన మీదికే తోసింది. కాల్బలం వరస విడిచి కొండెక్కింది. అండగా కాల్బలం లేకపోయేసరికి గుర్రాలు బాణాలకు బలయ్యాయి.

పట్టుబడ్డ గీకి సలాహుద్దీన్ చల్లటి నీళ్ళు ఇచ్చాడు. గీ తాగి, ఆ గిన్నె తనతో పట్టుబడ్డ దొర రెనాల్డ్‌కు అందించాడు. ‘అతనికి ఇచ్చింది నేను కాదు’ అన్నాడు సుల్తాను. తన చేత్తో నీళ్ళిస్తే ప్రాణం తీయకూడదన్నది అరబ్బుల ఆనవాయితీ. ఒప్పందం మీరి బిడారులను దోచిన రెనాల్డ్‌ను అక్కడే నరికాడు.

ప్రశ్న: నాలుగో దండు యెరూషలేముకని బయలుదేరి సాటి క్రైస్తవుల కాన్‌స్టాంటినోపుల్‌నే దోచిందట. వ్యాపారులం కదా, అందులో డబ్బు సంగతి చెప్పండి. (బేగంబజారు నుంచి)

జవాబు: మీకు చప్పున అర్థమయ్యే తప్పే జరిగింది: తలకు లెక్క కాకుండా గుత్తకు మాట్లాడుకున్నారు. 1201లో వెనిస్‌తో రాసుకున్న పత్రంలో 4,500 యోధులు, అన్నే గుర్రాలు, 9,000 మంది సహాయకులు, 20,000 కాల్బలం. గుర్రానికి 4 మార్కులు (మార్కు అంటే వెండి తూకం), మనిషికి 2. గుర్రాలకు 18,000, మనుషులు 33,500 మందికి 67,000, వెరసి 85,000 మార్కులు. వెండిలో దాదాపు 20 టన్నులు. అందులోనే తొమ్మిది నెలల తిండి. వెనిస్ ఓడలన్నీ కట్టించి ఉంచింది.

1202లో వచ్చినవాళ్ళు మూడో వంతు. వెనిస్ నుంచే ఎక్కాలని మిగతావాళ్ళు ఎవరూ సంతకం పెట్టలేదు, చాలామంది వేరే రేవుల నుంచి పోయారు. గుత్త తగ్గదు కనుక 34,000 మార్కులు బాకీ పడింది. తీర్చే గడువు పెంచాలంటే జారాను పట్టివ్వమంది వెనిస్. జారా కూడా క్రైస్తవ పట్నమే. తర్వాత కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న బైజాంటియం గద్దె పోగొట్టుకున్నవాడి కొడుకు అలెక్సియస్, ‘గద్దె ఇప్పిస్తే 2,00,000 మార్కులు ఇస్తా’ అన్నాడు. ఇప్పించారు, ఇవ్వలేకపోయాడు. 1204 ఏప్రిల్‌లో నగరం దోపిడీ అయింది. చేతిలో లేని సొమ్ము మీద రెండుసార్లు బేరం!

ప్రశ్న: యుద్ధం లేకుండా యెరూషలేము చేతులు మారిందా? (ఉపాధ్యాయుడు, టోలిచౌకి)

జవాబు: మారింది, 1229 ఫిబ్రవరిలో. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్, ఈజిప్టు సుల్తాను అల్ కామిల్ సంధి రాసుకున్నారు. సుల్తానుకు దమస్కులో సొంతవాళ్ళతోనే తగువు, చక్రవర్తిని పోపు అప్పటికే వెలివేశాడు. ఇద్దరికీ తొందరే. పదేళ్ళ చిల్లరకు రాసుకున్న సంధిలో పట్నం క్రైస్తవులకు, అల్ అక్సా ఆవరణ ముస్లింలకు. పట్నం గోడలను మాత్రం పదేళ్ళ కిందటే, 1219లో, అల్ కామిల్ సోదరుడు కూల్పించాడు. అందుకే 1244లో మధ్య ఆసియా నుంచి వచ్చిన ఖ్వారజ్మీ దండులు తేలిగ్గానే లోపలికొచ్చాయి.

ఫ్రెడరిక్‌కు రెండు పక్కలా తిట్లే. అక్కో రేవులో ఓడెక్కడానికి పోతుంటే, కసాయి వీధిలో క్రైస్తవులే ఆయన మీద బోటి, పేగులు విసిరారు.