లండన్ నుంచి స్టాంపు కొంటే కాలిఫోర్నియాలో టాక్స్ ఎవరు కట్టాలి?

డిసెంబర్లో మద్రాసు వచ్చినప్పుడల్లా టీ నగర్‌లో పనగల్ పార్కు దగ్గర అక్కయ్య వాళ్ళింట్లోనే దిగుతాను. ఈసారి ఇల్లంతా హడావిడి, మేనల్లుడు జనవరిలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగానికి వెళ్తున్నాడు. సూట్‌కేసు సర్దుకుంటూనే ఫోన్లో ఒక లండన్ డీలర్ పంపిన కొటేషన్ చూపించి, "మామయ్యా, అమెరికా అడ్రసు ఇస్తే టాక్స్ సున్నా వేశాడు చూడు, అక్కడికి వెళ్ళగానే కొనేస్తా" అన్నాడు. వాడికి నాణేల పిచ్చి, నాకు స్టాంపుల పిచ్చి, ఇద్దరికీ అంటించింది మా నాన్నగారు. కొత్త స్టాంపు విడుదలైతే చాలు, మౌంట్ రోడ్డు హెడ్ పోస్టాఫీసుకి వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆ రోజు వాడికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే పద్దెనిమిదేళ్ళుగా కాలిఫోర్నియాలో ఉండి కూడా నేను ఇదే పొరపాటు చేశాను.

ఆ సున్నాలో మోసం ఏమీ లేదు. దేశం బయటికి పంపే సరుకు మీద బ్రిటన్ డీలర్లు మామూలుగా తమ వ్యాట్ వేయరు. మరి కాలిఫోర్నియా సేల్స్ టాక్స్ ఎందుకు వేయలేదంటే, చిన్న డీలర్‌కి ఆ బాధ్యత లేదు కాబట్టి. 2018లో సౌత్ డకోటా వర్సెస్ వేఫేర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రంలో దుకాణం లేని వ్యాపారి చేత కూడా టాక్స్ వసూలు చేయించవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత కాలిఫోర్నియా పెట్టుకున్న హద్దు ఏడాదికి 5 లక్షల డాలర్ల అమ్మకాలు. ఈబే లాంటి చోట కొంటే 2019 అక్టోబర్ నుంచి ఆ సైటే టాక్స్ వసూలు చేసి రాష్ట్రానికి కడుతోంది. కానీ లండన్‌లోనో జెనీవాలోనో చిన్న కొట్టు పెట్టుకున్న డీలర్ ఆ హద్దు దాపుల్లోకి కూడా రాడు, కాబట్టి వసూలు చేయడు. అతను వసూలు చేయని టాక్సే, అదే రేటున, కొన్నవాళ్ళు కట్టాలి. దాని పేరు యూజ్ టాక్స్. ఇంటర్నెట్ వచ్చాక పుట్టింది కాదు, కాలిఫోర్నియాలో 1935 నుంచీ ఉంది.

నా సంగతి చెబుతాను. 2022లో ఇంగ్లండ్‌లో ఒక వేలంలో నిజాం కాలపు హైదరాబాద్ సంస్థానం స్టాంపులు కొన్ని, వాటితోపాటు రెండు పాత కవర్లు వచ్చాయి. భూతద్దం పెట్టి చూస్తే స్టాంపు మీద విలువ తెలుగు అక్షరాల్లో కనిపిస్తుంది, ఒకదానికి అంచు రంపపు పళ్ళలో మూలది విరిగింది, వెనక ఎవరో ఎప్పుడో అంటించిన హింజ్ (ఆల్బమ్‌లో స్టాంపు అతికించే చిన్న కాగితం ముక్క) తాలూకు పసుపు మరక. అవి చూశాక వదల్లేకపోయాను. పాట 920 డాలర్ల దగ్గర ఆగింది, పైన వేలం వాళ్ళ కమిషన్ 230, మొత్తం 1,150. బిల్లులో టాక్స్ లేదు, పార్సెల్ ఇంటికొచ్చింది, అయిపోయిందనుకున్నాను. రెండేళ్ళ తర్వాత రాష్ట్ర పన్నుల శాఖ నుంచి ఉత్తరం: ఫలానా తేదీన విదేశం నుంచి మీకు సరుకు వచ్చినట్టు కస్టమ్స్ రికార్డుల్లో ఉంది, యూజ్ టాక్స్ కట్టారా అని. మా ఊరి రేటు 10.25 శాతం, 920 మీద కాదు, కమిషన్ కలిపి 1,150 మీద, అంటే దాదాపు 118 డాలర్లు, ఆ పైన జరిమానా, వడ్డీ. మొత్తం కట్టేశాను. డబ్బు కంటే ఆ వారం రోజుల టెన్షన్ ఎక్కువ బాధపెట్టింది, అప్పటికి నా పౌరసత్వం దరఖాస్తు నడుస్తోంది, అందులో గడువు దాటిన ఫెడరల్, రాష్ట్ర, స్థానిక పన్నులు బాకీ ఉన్నారా అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది.

కట్టడం కష్టమేమీ కాదు. ఏప్రిల్ 15 లోపు వేసే రాష్ట్ర రిటర్న్‌లో, ఫారం 540లో, యూజ్ టాక్స్‌కి ఒక గడి ఉంటుంది. ఒక్కొక్కటి 1,000 డాలర్ల లోపు వస్తువులైతే ఆదాయాన్ని బట్టి పట్టికలో ఉన్న మొత్తం వేసుకోవచ్చు, అంతకు మించిన వస్తువుకి అసలు లెక్క వేయాల్సిందే. టాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా "టాక్స్ కట్టకుండా బయట ఏమైనా కొన్నారా" అని అడుగుతుంది, మనవాళ్ళు చదవకుండా "నో" నొక్కేస్తారు. దయచేసి అక్కడ ఒక్క నిమిషం ఆగండి. బిల్లులు, వేలం ఇన్‌వాయిస్‌లు ఒక ఫోల్డర్‌లో పడేసుకోండి.

నాణేలవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. కాలిఫోర్నియాలో 2023 నుంచి ఒకే కొనుగోలులో నాణేలు, బులియన్ (బంగారం, వెండి కడ్డీల లాంటివి) కలిపి 2,000 డాలర్లు, ఆపైన ఉంటే టాక్స్ లేదు. 1,900కి కొంటే దాదాపు 195 డాలర్ల టాక్స్, 2,000కి కొంటే సున్నా. మా మేనల్లుడు ఇది వినగానే రెండు విడి నాణేలకు బదులు రెండూ ఒకే బిల్లులో అడుగుతానన్నాడు, అది తప్పు కాదు. స్టాంపులకి ఈ సౌకర్యం లేదు.

తప్పయ్యేది ఇంకొకటి. కొందరు డీలర్లు "పార్సెల్ మీద గిఫ్ట్ అని రాయనా, విలువ 50 అని వేయనా" అని అడుగుతారు, ఒప్పుకోకండి. కస్టమ్స్‌కి అబద్ధం చెప్పడం నేరం, పైగా పార్సెల్ పోతే బీమా వాళ్ళు ఇచ్చేది ఆ 50కే. కస్టమ్స్ సుంకం, యూజ్ టాక్స్ ఒకటనుకోకండి, సుంకం కేంద్రానిది, యూజ్ టాక్స్ రాష్ట్రానిది, ఒకటి కడితే రెండోది తీరదు. 800 డాలర్ల లోపు పార్సెల్‌కి సుంకం లేదన్న పాత సౌకర్యం కూడా 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. విదేశం వెళ్ళినప్పుడు మీరే చేత్తో తెచ్చుకుంటే కాలిఫోర్నియా యూజ్ టాక్స్‌లో మొదటి 800 డాలర్లు మినహాయిస్తుంది, పోస్టులో తెప్పిస్తే అదీ లేదు.

వేరే రాష్ట్రం వెళ్ళేవాళ్ళు అక్కడి రూల్ చూసుకోండి. ఒరెగాన్‌లో సేల్స్ టాక్సే లేదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి రిటర్న్‌లో గడి ఉండదు, యూజ్ టాక్స్‌కి విడి ఫారం నింపాలి. బ్రిటన్ వెళ్తే ఇలాంటి సేకరణ వస్తువుల దిగుమతి మీద వ్యాట్ 20 కాదు, 5 శాతం, కానీ పార్సెల్ కాగితాల మీద సరిగ్గా ఆ వర్గం కిందే రాయించాలి.

ఇక మనవైపు నుంచి తీసుకెళ్ళే సంగతి. నాన్నగారి డబ్బాలోంచి 1840 నాటి విక్టోరియా రూపాయిలు రెండు తీసి, మేనల్లుడు సాక్సుల మధ్య పెట్టుకున్నాడు, తాత గుర్తుగా దగ్గర ఉంచుకుందామని. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, సొంతానికైనా సరే, దేశం దాటించడానికి వీల్లేదు. వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. రెండు నాణేలనీ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, అక్కయ్య చేతికిచ్చాడు.